రెంబ్రాంట్ ప్రింట్ చూసి ఒకే రంగులో పోర్ట్రెయిట్ వేయడం ఎలా?

రెంబ్రాంట్ పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు. మొదటిసారి ఆయన ప్రింట్ ఒకటి (రాగి రేకు మీద గీసి, సిరాతో కాగితం మీద అచ్చు తీసిన బొమ్మ) ముందు పెట్టుకుని ఆయిల్ కలర్స్‌లో వేసినప్పుడు, అన్నిటికంటే సన్నని కుంచె తీసుకుని ఆయన గీసిన ప్రతి గీతనీ ఎక్కడిదక్కడ దించాను. నాలుగు ఆదివారాలు పట్టింది. గోడకి ఆనించి దూరం నుంచి చూస్తే, దోమతెర వెనక నిలబడ్డ మనిషి కనిపించాడు. గీతలన్నీ ఉన్నాయి, ముఖమే లేదు.

తప్పు ఎక్కడ జరిగిందో చాలా రోజులకి గానీ తెలియలేదు. ప్రింట్‌లో బూడిద రంగు అనేదే ఉండదు. నల్ల సిరా ఒకటి, కాగితం తెలుపు ఒకటి, అంతే. గీతలు దగ్గర దగ్గరగా పడితే మన కంటికి నీడలా, ఎడంగా పడితే వెలుగులా అనిపిస్తాయి. సూదితో గీసేవాడికి వేరే దారి లేదు కాబట్టి ఆయన అలా చేశాడు. మన చేతిలో కుంచె ఉంది, బూడిద రంగు మనం నేరుగా కలుపుకోగలం. అందుకని ఆ గీతలు కలిసి ఎంత నీడ చేస్తున్నాయో అంత నీడని దించాలి. కింద చెప్పే పనులన్నీ అందుకోసమే.

ఏ ప్రింట్ తీసుకోవాలి?

మొదటి ప్రయత్నానికి నేను చెప్పేది 1630లో రెంబ్రాంట్ చేసుకున్న చిన్న స్వీయచిత్రం. నెత్తిన టోపీ, కళ్లు ఇంతింత చేసి, నోరు కొంచెం తెరిచి, ఎవరో వెనక నుంచి పిలిస్తే ఉలిక్కిపడ్డట్టు ఉంటాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం వెబ్‌సైట్‌లో పెద్ద సైజు ఫొటో ఉచితంగా దొరుకుతుంది. అసలు ప్రింట్ ఎత్తు 5.1 సెంటీమీటర్లు, వెడల్పు 4.6 సెంటీమీటర్లు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. అప్పటికి ఆయన లైడెన్ ఊళ్లో ఉన్న ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల కుర్రాడు. నవ్వుతూ, కోపంగా, ఆశ్చర్యంగా అద్దం ముందు రకరకాల ముఖాలు పెట్టి, అవే రాగి రేకు మీద గీసుకుని సాధన చేసేవాడు.

ఇది ఎందుకంటే, ఇందులో చేతుల్లేవు, లేసు కాలర్ లేదు, పట్టు బట్టల మడతల్లేవు. ముఖం, జుట్టు, టోపీ, భుజాల మీద కాస్త బట్ట. వెలుగూ నీడా తేలిగ్గా విడదీయొచ్చు. కొత్తవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి? పైగా అంత చిన్నదాన్ని పెద్దది చేసుకుంటే ఒక్కో గీతా పుల్లలా కనపడుతుంది. ఏ గీత ఏ పని చేస్తోందో చదువుకోవచ్చు.

ఇది ఎచింగ్ పద్ధతి. రాగి రేకు మీద మైనం లాంటి పూత పూసి, సూదితో ఆ పూతని గీకుతారు. రేకుని యాసిడ్‌లో ఉంచితే గీకిన చోట రాగి కరిగి సన్నని గాడి పడుతుంది. గాళ్లలో సిరా నింపి, పైపైన తుడిచేసి, తడిపిన కాగితం పరిచి ప్రెస్‌లో నొక్కుతారు. రేకు మీద ఉన్నది కాగితం మీద కుడి ఎడమలు మారి పడుతుంది. అద్దంలో చూసి గీసిన ముఖం ఇలా ఇంకోసారి తిరగబడితే ఏమవుతుంది? ఎదుటివాళ్లకి ఆయన ఎలా కనిపించేవాడో అలాగే పడుతుంది. పెయింటింగ్‌లో వేసుకున్న స్వీయచిత్రాలకి ఈ సౌకర్యం లేదు, అవి అద్దంలో మనిషివే.

కాపీ కొట్టడం తప్పు కదా అని ఎవరో ఒకరు అంటారు. 1639లో ఇటలీ చిత్రకారుడు రాఫెల్ వేసిన కాస్టిల్యోనె అనే ఆయన పోర్ట్రెయిట్ ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలానికి వస్తే, రెంబ్రాంట్ దాన్ని చూసి గబగబా గీసుకుని, పక్కన అమ్ముడైన ధర, 3,500 గిల్డర్లు (అప్పటి డచ్ నాణేలు), కూడా రాసి పెట్టుకున్నాడు. తర్వాత 1650ల్లో మన దేశం నుంచి వెళ్లిన మొఘల్ సూక్ష్మచిత్రాలు చూసి వేసిన బొమ్మలు ఇరవైకి పైగా నేటికీ ఉన్నాయి. అప్పటికి ఆయన పేరు మోసిన చిత్రకారుడు. మనకేం సిగ్గు?

సామాను

10 x 12 అంగుళాల కాన్వాస్ బోర్డ్ ఒకటి. రంగులు మూడే: బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ రంగు), ఐవరీ బ్లాక్, టైటానియం వైట్. స్టూడెంట్ రకం ట్యూబులు చాలు. లిన్‌సీడ్ ఆయిల్, టర్పెంటైన్ చిన్న సీసాలు. బిరుసుగా ఉండే హాగ్ హెయిర్ (పంది వెంట్రుకల) చదును కుంచెలు రెండు (అర అంగుళానిది, పావు అంగుళానిది), మెత్తని గుండ్రటి కుంచె ఒకటి, రంగులు కలిపే పాలెట్ నైఫ్ ఒకటి. ఉతికి ఉతికి మెత్తబడిన పాత బనియన్లు నాలుగైదు. కొత్త గుడ్డ వద్దు, రంగు పీల్చదు, పోగులు వదులుతుంది.

రంగులు కలుపుకునే పలకగా, అంటే పాలెట్‌గా, నేను వాడేది అంచులు రుద్దించిన అద్దం ముక్క. దాని కింద బూడిద రంగు కాగితం పెడతాను. తెల్ల పాలెట్ మీద ఏ రంగు కలిపినా నిజంగా ఉన్నదానికన్నా ముదురుగా అనిపిస్తుంది. ఒక్క ఈ మార్పుతోనే సగం పొరపాట్లు పోతాయి.

యాక్రిలిక్‌తో వేయొచ్చా అంటే వేయొచ్చు, కానీ కింద చెప్పిన తుడిచే పద్ధతి దానితో కుదరదు, నిమిషాల్లో ఆరిపోతుంది. ఆరాక రంగు ఒక మెట్టు ముదురుతుంది కూడా.

ప్రింట్ రెండు రకాలుగా తీయించండి

ఫొటోని 18 సెంటీమీటర్ల వెడల్పుకి పెంచి ఏ4 మ్యాట్ కాగితం మీద కలర్ ప్రింట్ తీయించుకోండి. నలుపు తెలుపు జిరాక్స్ పనికిరాదు. అందులో మధ్య ఛాయలన్నీ ఎగిరిపోయి బొగ్గు, సున్నం మాత్రమే మిగులుతాయి. నాకు ఒక షాపులో కాగితం తెలుపంతా నీలం తిరిగిపోయి వచ్చింది. నేను దాన్నే చూస్తూ వేస్తే బొమ్మకి జలుబు చేసినట్టయింది. కాబట్టి షాపులోనే ఫోన్‌లో ఫొటో తెరిచి పక్కన పెట్టి పోల్చుకోండి.

రెండో ప్రింట్ మసకది. ఫోన్‌లో ఎడిటింగ్ యాప్ తెరిచి, గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి బూడిద రంగు మచ్చలుగా మారేదాకా బ్లర్ చేయండి. కన్నెక్కడో ముక్కెక్కడో ఇంకా తెలుస్తూ ఉండాలి, గీత మాత్రం ఒక్కటీ కనపడకూడదు. దాన్నీ అదే సైజులో ప్రింట్ తీయించండి. పనిలో మొదటి సగం దీన్ని చూసే చేస్తాం. మంచి ప్రింట్ ఎదురుగా ఉంటే చెయ్యి గీతల వెనకే పోతుంది, ఎంత వద్దనుకున్నా ఆగదు. అందుకే దాన్ని అల్మరాలో పెట్టేయమంటాను.

గడులు, గీత

మసక ప్రింట్ మీద 3 సెంటీమీటర్ల గడులు గీయండి. అడ్డంగా ఆరు వస్తాయి. నిలువునా ఆరు పూర్తిగా, ఏడోది మూడింట రెండు వంతులు వస్తుంది. కాన్వాస్ మీద 4 సెంటీమీటర్ల గడులు, అవే లెక్కన. బొమ్మ 24 సెంటీమీటర్ల వెడల్పు, దాదాపు 26.6 సెంటీమీటర్ల ఎత్తు అవుతుంది. పక్కల చెరో 7 మిల్లీమీటర్లు, పైనా కిందా రెండేసి సెంటీమీటర్ల దాకా ఖాళీ మిగులుతుంది. బోర్డు నిండా రావాలని లాగి సాగదీయకండి, ముఖం పొడుగైపోతుంది.

గడులు దేనికంటే, చోటు తప్పకుండా ఉండటానికి, అంతవరకే. టోపీ అంచులు, కనుబొమ్మల వంపు, కళ్ల నాలుగు మూలలు, ముక్కు కింద భాగం, పెదాల మధ్య చీలిక, గడ్డం. ఇవి ఏ గడిలో ఎక్కడ పడుతున్నాయో చుక్కలు పెట్టుకుని కలపండి. వీటితోపాటు వెలుగు ఆగి నీడ మొదలయ్యే సరిహద్దుని కూడా గీతగా గీయండి. కొత్తవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఇదే. నుదుటి నుంచి చెంప మీదుగా గడ్డం దాకా ఆ సరిహద్దు ఒక దేశపటంలో తీరంలా వంకరలు తిరుగుతూ పోతుంది. ఆ వంకరల్లోనే పోలిక ఉంది.

ఏటవాలుగా ఉన్న గీతలు సరిగా వచ్చాయో లేదో చూడటానికి అగరుబత్తి పుల్ల చాలు. ప్రింట్ మీద రెండు కళ్ల మూలలకి ఆనించి, ఆ వాలు చెడకుండా అలాగే కాన్వాస్ మీదికి జరిపితే తేడా ఇట్టే తెలిసిపోతుంది. తర్వాత ప్రింట్, బోర్డు రెండూ తలకిందులు చేసి ఒకసారి చూడండి. మామూలుగా చూస్తే "ఇది కన్ను" అని మెదడు సర్దుకుపోతుంది. తలకిందులైతే సర్దుకోవడానికి దానికి ఆధారం దొరకదు.

గీత కుదిరాక, బాగా నీళ్లు కలిపిన యాక్రిలిక్ గోధుమ రంగుతో సన్నగా దిద్ది, ఆరాక గడులూ పెన్సిల్ గీతలూ చెరిపేయండి. పెన్సిల్‌ని అలాగే వదిలేస్తే కొన్నేళ్లకి పలచని రంగు పొరల్లోంచి పైకి కనపడటం మొదలుపెడుతుంది.

అయిదు ఛాయలు

ఇక్కడ తొందరపడకండి. నేను ఒక సాయంత్రమంతా దీనికే పెడతాను.

కళ్లు సగం మూసి మసక ప్రింట్ చూడండి. ఎన్నో ఛాయలు ఉన్నట్టు అనిపిస్తుంది గానీ అయిదింటిలో సర్దేయొచ్చు. ఒకటి: నుదురు, ముక్కు మీద పడే నిండు వెలుగు. రెండు: వెలుగు పక్కన కాస్త తగ్గినది. మూడు: నడిమిది. నాలుగు: ముఖంలో నీడ. అయిదు: జుట్టులో, టోపీ కింద అన్నిటికన్నా చీకటి చోటు.

బర్న్ట్ అంబర్‌లో కొంచెం ఐవరీ బ్లాక్ కలిపి అయిదో ఛాయ చేసుకోండి. ఒట్టి నలుపుకి తెలుపు కలిపితే నీలం తిరిగిన బూడిద వస్తుంది, ఒట్టి అంబర్‌కి కలిపితే కోకో డ్రింక్ అవుతుంది. రెండూ కలిస్తే పాత సిరా రంగుకి దగ్గర పడుతుంది. ఒకటో ఛాయ కోసం తెలుపులో అంబర్ ఆవగింజంత వేయండి. నాలుగు వందల ఏళ్ల కాగితం సున్నంలా తెల్లగా ఉండదు. తర్వాత ఈ రెండు చివరల మధ్య మూడోది, ఆ పైన రెండూ నాలుగూ కలపండి. తెలుపులోకి ముదురు రంగుని కొద్దికొద్దిగా చేర్చాలి. ముదురులోకి తెలుపు పోస్తూ పోతే ట్యూబు అయిపోతుంది గానీ ఛాయ రాదు.

సరిగా కలిసిందా లేదా అనేది అనుమానం లేకుండా తేల్చుకునే చిట్కా ఒకటుంది. మసక ప్రింట్ మీద పారదర్శకంగా ఉండే ఓహెచ్‌పీ షీట్ పరవండి. కలిపిన రంగుని నైఫ్ కొసతో ఆ షీట్ మీద, ఆ ఛాయ ఉందనుకున్న చోటే అద్దండి. రంగు మచ్చ ప్రింట్‌లో కలిసిపోయి మాయమైతే ఛాయ కుదిరినట్టు. ఎత్తుగా కనపడితే వెలుగు ఎక్కువైంది, గుంటలా కనపడితే నీడ ఎక్కువైంది. తుడిచేసి మళ్లీ కలపండి. మొదటిసారి చేసినప్పుడు నా నాలుగో ఛాయ నిజానికి మూడోది అని తేలింది. అందరికీ నీడంటే భయం, లేతగానే కలుపుతాం.

కలిపిన అయిదు కుప్పల్నీ వరసగా పెట్టి, మిగిలిన రంగుని గాలి తగలకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఫ్రీజర్‌లో పెడితే వారం వరకు పని చేస్తుంది. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి, మీద పేరు రాసి పెట్టండి.

పూయడం, తుడవడం

ఇప్పుడు అంబర్‌లో కొద్దిగా టర్పెంటైన్ మాత్రమే కలిపి, బొమ్మంతా మూడో ఛాయకి వచ్చేలా పూసేయండి. కింద గీత రంగులోంచి కనపడుతూ ఉండాలి. పది నిమిషాలు ఆగి, బనియన్ గుడ్డని చూపుడు వేలికి చుట్టి, వెలుగు ఉన్న చోటల్లా తుడవడం మొదలుపెట్టండి. నుదురు, ముక్కు దూలం, వెలుగు వైపు చెంప. ఎంత గట్టిగా తుడిస్తే కాన్వాస్ తెలుపు అంత బయటికి వస్తుంది. కొద్దిగా తుడిస్తే రెండో ఛాయ. పావు అంగుళం కుంచెని టర్పెంటైన్‌లో ముంచి పిండేసి, దానితో కనురెప్ప మీద వెలుగు లాంటి చిన్న చోట్లు తీయండి.

ఒక్క చుక్క తెలుపు వాడకుండా అరగంటలో ముఖం లేచి వస్తుంది. మొత్తం పనిలో నాకు బాగా ఇష్టమైన అరగంట ఇదే. తప్పు పోతే మళ్లీ పూసి మళ్లీ తుడవొచ్చు, నష్టమేమీ లేదు. రంగు తడిగా ఉన్నంతసేపూ, అంటే రెండు మూడు గంటలు, టెన్షన్ లేకుండా ఆడుకోండి.

తర్వాత అదే తడిలో నాలుగు, అయిదు ఛాయల్ని పలచగా వేయండి. టోపీనీ జుట్టునీ కలిపి ఒకే ముద్దగా చూడండి. నీడ వైపు జుట్టు ఎక్కడ ఆగి చెంప ఎక్కడ మొదలైందో మసక ప్రింట్‌లో తెలియకపోతే మీ బొమ్మలోనూ తెలియనివ్వకండి. అంచు గీసి వేరు చేయాలని చెయ్యి దురద పెడుతుంది, ఆపుకోండి.

బర్న్ట్ అంబర్ తొందరగా ఆరే రంగు. పలచగా ఉంటే రెండు మూడు రోజుల్లో వేలికి అంటదు, వానాకాలంలో ఇంకొంచెం. ఒకసారి నేను తెలివి ఉపయోగించి ఈ పొరంతా ఐవరీ బ్లాక్‌తో వేశాను. అది ఆరడానికి బాగా టైమ్ తీసుకునే రంగు. రెండు వారాలు దుమ్ము పడకుండా మంచం కింద దాచాల్సి వచ్చింది.

వెలుగు కట్టడం

పొర ఆరాక ఒకటి, రెండు, మూడు ఛాయలతో వెలుగు భాగాలు కట్టుకుంటూ రండి. ఈ పొరలో రంగుకి రెండు చుక్కల లిన్‌సీడ్ ఆయిల్ కలపండి. కింద పొరకి నూనె తక్కువ, పై పొరకి ఎక్కువ ఉండాలి. తారుమారైతే పై పొర ముందు బిగిసి, తర్వాత పగుళ్లిస్తుంది. వెలుగులో రంగు కాస్త మందంగా, నీడలో పలచగా ఉంచండి.

ఇప్పుడు మంచి ప్రింట్ అల్మరాలోంచి తీయండి. ఇంతసేపూ దాచిన గీతలు ఇక్కడ పనికొస్తాయి, కానీ వేరే రకంగా. చెంప మీద గీతలు ఎటు వంపు తిరిగాయో చూడండి. అవి చెంప గుండ్రదనం వెంబడి పోతాయి. మీ కుంచె కూడా అటే కదలాలి. బట్ట మీద అవే గీతలు తిన్నగా, విసురుగా పడతాయి, అక్కడ మీరూ విసురుగానే లాగండి. గీత ఎటు పోయిందో అనుసరించండి, దాన్ని గీతగా దించకండి.

కళ్ల దగ్గర అందరం చేసే తప్పు, కంటి తెల్లగుడ్డుకి ఒట్టి తెలుపు వాడటం. దాన్ని నుదుటితో పోల్చి చూడండి. గుడ్డు గుండ్రటిది, పైన రెప్ప నీడ పడుతుంది, దాంట్లోనూ రెండు మూడు ఛాయలుంటాయి. ఈ బొమ్మలో కళ్లు పెద్దవి చేసి చూస్తున్నాడు కదా అని మీరు ఇంకాస్త పెంచితే కార్టూన్ అయిపోతుంది. ఆశ్చర్యం ఎక్కువ భాగం కనుబొమ్మల్లోనూ వాటి మధ్య ముడతలోనూ ఉంది. నోటి విషయంలో పెదాల అంచులు గీయకండి. మధ్య చీలిక చీకటిని, కింది పెదవి కింద నీడని వేస్తే పెదవి దానంతట అదే వస్తుంది.

జుట్టుకి రెంబ్రాంట్ దగ్గరే నేర్చుకోవాల్సిన కిటుకు ఉంది. 1628 ప్రాంతంలో వేసుకున్న ఒక చిన్న పెయింటింగ్‌లో (అదీ రైక్స్ మ్యూజియంలోనే ఉంది) ఆయన ఉంగరాల జుట్టుని కుంచెతో వేయలేదు. తడి రంగుని కుంచె వెనక కొసతో గీకాడు. గీకిన చోట కింది లేత పొర బయటపడి వెంట్రుకల మీద వెలుగులా మెరుస్తుంది. మీరూ జుట్టు భాగంలో అయిదో ఛాయ మరోసారి వేసి, తడి ఆరకముందే కుంచె కాడతో నాలుగైదు ఉంగరాలు గీకండి. నాలుగైదే. బాగుంది కదా అని గీకుతూ పోతే కొబ్బరి పీచు అవుతుంది.

కంటిపాపలో మెరుపు చుక్క ఉంటే అది అన్నిటికన్నా చివర. ఒకే తాకుడు, మళ్లీ దిద్దొద్దు.

ఆపే ముందు

ఫోన్‌లో బొమ్మని ఫొటో తీసి, నలుపు తెలుపు చేసి, ప్రింట్ ఫొటో పక్కన పెట్టి రెండూ చిన్నవిగా చూడండి, స్టాంపు బిళ్లంత సైజులో. ఆ సైజులో ఒకేలా ఉంటే ఛాయలు కుదిరినట్టే. తేడా ఉంటే ఎక్కడుందో వెంటనే కంటికి పొడుస్తుంది. నా అనుభవంలో అది దాదాపు ఎప్పుడూ నీడలోనే ఉంటుంది. నీడలో అనవసరంగా వెలుగు ముక్కలు పెట్టేసి ఉంటాం. వాటిని నాలుగో ఛాయతో కప్పేయండి.

నూనె అంటిన గుడ్డల సంగతి నవ్వులాట కాదు. లిన్‌సీడ్ ఆయిల్ ఆరుతూ వేడి పుట్టిస్తుంది. గుడ్డల్ని ముద్దగా మూలన పడేస్తే వాటంతట అవే అంటుకోవచ్చు, ఎండాకాలంలో మరీను. విడివిడిగా దండెం మీద ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి మూత ఉన్న డబ్బాలో వేయండి. టర్పెంటైన్ వాడే గదిలో కిటికీలు తెరిచి ఉంచండి, వంటింట్లో మాత్రం వద్దు.

బొమ్మని వారం పది రోజులు గాలి ఆడేచోట నిలబెట్టండి. వార్నిష్ వేయాలనుకుంటే కనీసం ఆరు నెలలు ఆగాలి. ముందు వైపు రెంబ్రాంట్ సంతకం, ఆ 1630 అంకె దించకండి. వెనక మాత్రం మీ పేరు, తేదీ, "రెంబ్రాంట్ 1630 ఎచింగ్ చూసి వేసినది" అని రాయండి.